తొంభై రెండుసార్లు

చేపలరేవు ఐసు ఫ్యాక్టరీలో చిట్టా రాస్తాను.
ఏ బోటుకి ఎన్ని దిమ్మలు, ఎవరి బాకీ ఎంత.
డిసెంబరు, తెల్లవారుజాము నాలుగు.
మర ఐసుని నమిలి గొట్టంలోంచి బోటులోకి ఊస్తుంటే
కళాసీలు మఫ్లర్లు బిగించి ఒకే బీడీ ముగ్గురు కాలుస్తుంటే
నాకు మెడ కిందినుంచి మంట లేస్తుంది,
చెవులదాకా పాకుతుంది,
జాకెట్టు వీపుకి అంటుకుపోతుంది.
ఐసుముక్క ఏరి మణికట్టు మీద పెట్టుకుంటాను.
"ఏటమ్మా, జొరమేటి?" అంటాడు అప్పలకొండ.
కాదంటాను. ఏమిటో మాత్రం చెప్పను.

నాకు ముప్పై మూడు.
మొదటిసారి నెల తప్పినప్పుడు
మా అత్త పూర్ణామార్కెట్లో మిఠాయి కొనేసింది.
ఆ పెట్టె ఏమైందో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.
రాత్రుళ్లు ఫ్యాను అయిదులో పెడితే
మా ఆయన మంకీక్యాపు తగిలించుకుని
గోడవైపు తిరుగుతాడు. ఫ్యాను మాత్రం తగ్గించడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
ముందు నా గురించి అడగనేలేదు.
"మీ ఇంట్లో మాటలు ఆలస్యంగా వచ్చిన మగపిల్లలున్నారా?"
ఉన్నాడు. మా తమ్ముడు బంగార్రాజు.
ఎవరి మొహంలోకీ చూడడు, చేతులు రెక్కల్లా ఆడిస్తాడు,
పెదజాలారిపేట ఇసకలో కూచుని
ఓడొచ్చింది ఓడొచ్చింది ఓడొచ్చింది అంటాడు,
ఆ ఓడ కొండమలుపు తిరిగి రేవులోకెళ్లి
సరుకు దించి వెళ్లిపోయినా సరే.

"చేతులు వణికే పెద్దవాళ్లు?"
మా అమ్మా వాళ్ల నాన్న.
గ్లాసందుకుంటే సగం టీ చొక్కా మీదే.
నడిస్తే పడవలో నడిచినట్టుండేది.
కల్లు, అన్నారు. మేమూ అన్నాం.

"అమ్మగారికి ఎన్నేళ్లకి ఆగింది?"
తెలీదండి.

ఇద్దరి రక్తం హైదరాబాదు వెళ్లి
ఆరు వారాలకి కాగితమై వచ్చింది.
అందరి ఒంట్లోనూ ఇక్కడొక చిన్న మాట
ముప్పైసార్లో ఎంతో రాసుంటుంది, అంది డాక్టరమ్మ.
నీకు తొంభై రెండుసార్లు.
మీ తమ్ముడిది రెండొందలు దాటింది,
ఆపైన లెక్కపెట్టరు.

వాడిని ఎన్నిసార్లు కసిరాను,
అన్నదే అనొద్దురా అని.

చిట్టాలో ఒకే అంకె రెండుసార్లు పడితే
ఎర్రగీత కొట్టి పక్కన సంతకం చేస్తాను.
అందుకే నాకు జీతం.

ఆ సాయంత్రం అమ్మ కత్తిపీట ముందుంది,
సావడాయిలు తోముతోంది.
"నీకెప్పుడాగిందే?"
తల ఎత్తలేదు.
"ముప్పై ఆరుకి.
మీ నాన్న ఇంకోదాన్ని తెస్తాడని సెప్పనేదు.
మూడేళ్లు, నెలకి మూడ్రోజులు
ఊరికే అరుగుమీద కూకున్నాను."
పొలుసు ఎగిరి చెంపకంటింది, తుడుచుకుంది.
"వంట తప్పింది లే."
ఇద్దరం నవ్వాం. ఆమె ముందు ఆపింది.

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం.
బోట్లన్నీ ఒకదానికొకటి ఒరిగి నిలబడతాయి,
మా మర ఆగుతుంది.
అరవై ఒక్క రోజులు సముద్రానికి విశ్రాంతి అంటారు.
గుడ్లు పెట్టే కాలమట.
జూన్ పధ్నాలుగు రాత్రి నుంచే డీజిలు వాసన.
నాకు ఆ తారీకు లేదు.
ఎముకలకి మాత్రలున్నాయి, గుండెకి జాగ్రత్తలున్నాయి.
"చెల్లెలుందా?" అంది డాక్టరమ్మ, చీటీ మడుస్తూ.
"తనకింకా టైముండొచ్చు. చెప్పండి."

రాజ్యానికి ఇరవై అయిదు. గాజువాకలో ఉంటుంది.
నెంబరు నొక్కి మూడుసార్లు ఆపేశాను.
నాలుగోసారి తనే చేసింది.
ఫోనొచ్చింది ఫోనొచ్చింది ఫోనొచ్చింది, అన్నాడు తమ్ముడు.
ఈసారి వాణ్ని కసరలేదు.
"ఏటక్కా, ఏటైంది?"
ఎక్కడ మొదలెట్టాలో తెలీలేదు.
ఒసేయ్, అన్నాను,
తాత కల్లు తాగేవాడు కాదే.